పచ్చ దారం ముడి

చారుకు చింతపండు పిసుకుతుంటే మా ఆయన వెనక తలుపు దగ్గర నిలబడి, "బండి హీటర్ల ఫ్యాను తిరుగుతలేదు, జెర చూడు" అన్నాడు. నాకు పని చెప్పేటప్పుడు ఆయన ఎప్పుడూ జెర అంటాడు, కాస్త అన్నట్టు. జెర ఆ డైనమో చూడు, జెర ఈ స్టార్టర్ మోటరు చుట్టు, జెర అన్నం వడ్డించు. ఆ మాట ముందు పెట్టి చెబితే ఎంత పనైనా చిన్నదైపోతుంది, చేసినవాళ్లు ఇంకా చిన్నవాళ్లైపోతారు. బండి కొంటానన్న కెప్టెన్ సారు రేపు పొద్దున్నే దాన్ని తీసుకుపోవడానికి వస్తున్నాడట, సాయంత్రంలోగా ఫ్యాను తిరగాలట. నేను చేతులు కడుక్కుని, చారు పొయ్యి మీద పెట్టి, కొంగు బిగించి షెడ్డులోకి వెళ్లాను.

మెట్టుగూడలో మా ఇల్లూ, మా ఆయన రిచర్డ్ మోటారు షెడ్డూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. వంటింటి తలుపు తీస్తే షెడ్డు. ఆ తలుపుకు గోనెపట్టా తెర ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఆ తెర మా అత్తమ్మ జ్ఞానమణి కట్టించింది, నేను కాపురానికి వచ్చిన కొత్తలో. "ఆడదాని చేతుల వడ్డదని తెలిస్తే ఎవడిస్తడే బండి మనకు" అంది అప్పుడు. కోపంగా అనలేదు. కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినంత మామూలుగా అంది. నాకూ అప్పుడు మామూలుగానే వినపడింది.

మా నాన్న పేతురు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో మోటార్లు చుట్టేవాడు. అమ్మ పోయాక నన్ను ఒక్కదాన్నే వదలలేక, సాయంత్రాలు ఇంటికి తెచ్చుకున్న పనిలో నన్నూ పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కాలిపోయిన తీగ విప్పడం, కొత్త రాగితీగ చుట్టడం, కొసలు అతకడం, చుట్టిన తీగ చెదిరిపోకుండా దారంతో బిగించి ముడి వేయడం, పైన లక్క వార్నిష్ పూయడం, అన్నీ అట్లా వచ్చాయి. ఆ ముడి మాత్రం వర్క్‌షాపులో ఇంకెవరూ వేసేవారు కాదు. దారాన్ని రెండు మెలికలు తిప్పి, కొసను వెనక్కి తెచ్చి, కింద నుంచి దూర్చి లాగితే కొస ఎక్కడుందో కనపడదు. మోటారు ఎంత వేగంగా తిరిగినా ఊడదు. ఆడపిల్లను వర్క్‌షాపులోకి ఎట్లాగూ తీసుకోరు, అయినా నేర్పించాడు. తనతోనే అంతరించిపోకూడదనుకునే పని ఏదో ఒకటి ప్రతి మనిషికీ ఉంటుంది కాబోలు.

రిచర్డ్‌కు ఇంజను పని వచ్చు, ఉన్నమాట చెప్పాలి, బాగా వచ్చు. తీగల పని రాదు. ముడి వేయడమైతే అసలే రాదు, ఆదివారం గుడికి పోయేటప్పుడు బూట్ల లేసులు నేనే కట్టాలి. అయినా చిలకలగూడ నుంచి బోయిగూడ దాకా, రిచర్డ్ చెయ్యి పడితే చచ్చిన మోటారు లేచి కూర్చుంటుందని పేరు. కోతల పండుగనాడు పాస్టరుగారు ఆ చేతుల కోసం దేవునికి స్తోత్రం చెప్పాడు. ఆడవాళ్ల వైపు చాప మీద నేను తల వంచుకుని, వార్నిష్‌తో చర్మం లేచిపోయిన నా వేళ్లను కొంగు కింద పెట్టుకుని ఆమెన్ అన్నాను. తెర వెనక నుంచి నేను ఎన్నిసార్లు విన్నానో ఆ మాట. ఎవరు చుట్టారయ్యా ఇంత బాగా అని అవతల ఎవరో అడగడం, నేనే సార్ అని ఆయన అనడం. మొదట్లో చెప్పేముందు కొంచెం తటపటాయించేవాడు. తర్వాత అదీ పోయింది. చివరికి నా దగ్గర కూర్చుని అన్నం తింటూ, "నిన్న చుట్టిన మోటరు మస్తు వచ్చిందే" అని తన పనిని తనే మెచ్చుకునేవాడు. అబద్ధం ఆడుతున్నాడని నేను అనుకునేదాన్ని. కాదు, ఆయన నమ్మేశాడు. అబద్ధమైతే ఎప్పుడో ఒకప్పుడు జాగ్రత్త పడేవాడు.

ఇప్పుడు ఆ బండి సంగతి. అది అమెరికా బండి, లేతనీలం రంగు, అట్లాంటివి కంటోన్మెంటులో చాలా తిరుగుతాయి. నవంబరు ఆఖర్లో ఒకరోజు ఆయన దాన్ని షెడ్డులోకి తెచ్చి, బెంగుళూరులో మిలిటరీవాళ్లు వేలం వేస్తే తెలిసినవాళ్ల ద్వారా కొన్నానన్నాడు. సీట్ల బట్ట కొత్తది, కింద పట్టా కొత్తది, నంబరు పలక కొత్తది. రంగు ఇంకా వాసన కొడుతూనే ఉంది. కొంటానన్నది కెప్టెన్ యెషయా. నెల్లూరు వైపు మనిషి, పోలీసు యాక్షనుతో వచ్చిన పటాలంలో ఉన్నాడు, మన గుడికే వస్తాడు. ఆయనకు ఉత్తరాన డెహ్రాడూన్‌కు బదిలీ అయింది. అక్కడ చలి, భార్యకు ఛాతీ జబ్బు. దొరలు కంటోన్మెంటులో వదిలిపోయిన ఇటువంటి బండ్లలో హీటరు ఉంటుందని తెలిసి, హీటరు పనిచేస్తేనే కొంటానని పట్టుపట్టాడు. "సికింద్రాబాదుల హీటరు ఎవడు చూడొచ్చిండు సార్, పీకేస్త" అన్నాడట మా ఆయన. పీకితే నాకు బండే వద్దు అన్నాడట కెప్టెన్. అట్లా ఆ ఫ్యాను నా దాకా వచ్చింది.

షెడ్డు తలుపులు మూసి ఉన్నాయి. నేను పని చేసేటప్పుడు మూసే ఉంచుతారు. బండి తలుపు తీసి ముందు సీటు ఎదుట కింద మోకాళ్ల మీద కూర్చున్నాను. కొత్త రంగు వాసన, కొత్త రెగ్జిను వాసన, వాటి కింద ఇంకేదో వాసన ఉంది. వానాకాలంలో ఆరని బట్టల మూట విప్పితే వస్తుందే, అది. రెండు తీగలు కట్టిన చిన్న బల్బు నా దగ్గర ఉంటుంది. ముందు మీట దగ్గర పెట్టి చూశాను, వెలిగింది. మీట అవతల పెట్టి చూశాను, వెలిగింది. ఫ్యాను మోటారు దాకా వచ్చే తీగ కొసన పెట్టాను, అక్కడా వెలిగింది. కరెంటు వస్తోంది. రెండో తీగ బండి ఇనుముకు సరిగ్గానే తగిలి ఉంది. అంటే రోగం మోటారులోనే ఉంది. ఫ్యాను రెక్కను వేలితో తోశాను. కదలలేదు. గట్టిగా తోస్తే కరకరమని కొంచెం జరిగి ఆగిపోయింది. వేలికి మెత్తటి నల్లమట్టి అంటింది. మా షెడ్డులో దుమ్ము ఎర్రగా ఉంటుంది. మెట్టుగూడ అంతా ఎర్రమట్టే.

మోటారు విప్పుకుని వంటింట్లోకి తెచ్చి, తెర ఇవతల నా పీట మీద కూర్చున్నాను. స్క్రూలు విప్పి మూత లాగితే, లోపల నుంచి మట్టి పొడిపొడిగా రాలింది. పైపైన చేరిన దుమ్ము కాదది. నీళ్లతో పాటు లోపలికి పోయి, నీళ్లు ఇంకిపోయాక పేరుకుని గట్టిపడ్డ వండ్రు. కరెంటు అందించే బొగ్గు బ్రష్షులు తుప్పులో ఇరుక్కుపోయాయి. ఇంజను కడిగారు, సీట్లు మార్చారు, రంగు వేశారు. ఈ ఊళ్లో హీటరు ఎవరూ చూడరు కాబట్టి దీన్ని వదిలేశారు. ఈ బండి నీళ్లలో పడింది. సీట్లో కూర్చున్న మనిషి ఒడి ఎత్తున ఉంటుంది ఈ ఫ్యాను, అంతకు పైదాకా మునిగింది. పళ్లు తోముకునే పాత బ్రష్షుతో మట్టి దులుపుతూ, ఇదంతా ఇంకా వేరే ఎవరి బండి గురించో అన్నట్టే ఆలోచిస్తున్నాను. అప్పుడు తీగల చివర బిగించిన దారం కనపడింది. రెండు మెలికలు, కొస లేదు. గోటితో వార్నిష్ గీకాను. లోపల దారం పచ్చగా ఉంది.

ఆ దారం ఎక్కడిదో నాకు తెలుసు. పొయ్యి మీద చారు పొంగి నిప్పు మీద పడి చుయ్యిమంది, నేను లేవలేదు.

మొన్న ఎండాకాలంలో, మే నెలలో, మా గల్లీ చివర కలప అడితి నాసర్ భాయ్ తన నల్ల బండిలోంచి ఒక చిన్న మోటారు విప్పుకొచ్చి ఇచ్చాడు. ఆయన పెళ్లాం షహర్ బానోకు నెల తప్పింది, వేడికి తట్టుకోలేకపోతోంది. హీటరులోకి వేడినీళ్లు వచ్చే కొళాయి కట్టేసి ఆ ఫ్యాను ఒక్కటే తిప్పితే బండిలో గాలి వస్తుందని ఎవరో చెప్పారు. చలి ఊళ్లో వాళ్లు వెచ్చదనానికి పెట్టుకున్నదాన్ని మన ఊళ్లో విసనకర్ర చేసుకున్నాడు ఆ మనిషి, భార్య కోసం. నెలంతా తిప్పితే మోటారు కాలిపోయింది. నేను చూసుకుంటా భాయ్ అన్నాడు రిచర్డ్, తెచ్చి నా పీట పక్కన పడేశాడు.

షహర్ బానో ఒక్కతికే తెలుసు, మోటార్లు చుట్టేది నేనని. ఎప్పుడైనా వెనక దారిన వచ్చి వంటింట్లో నా పక్కన కూర్చునేది, అక్కను పిలిచినట్టు ఆపా అని పిలిచేది. ఆరోజూ వచ్చింది, పుట్టబోయే బిడ్డకు టోపీ అల్లుతూ. "కడుపుతోటి గడప మీద కూసోవద్దు బిడ్డా, లోపటికి జరుగు" అని మా అత్తమ్మ కేకలేస్తే నవ్వి లోపలికి జరిగింది. ఆఖరి ముడి దగ్గర నా దారం అయిపోయింది. "నా టోపీ దారం తీస్కో కృపా ఆపా, గట్టిదే" అని పచ్చ దారం తెంపి ఇచ్చింది. ముడి వేస్తుంటే దగ్గరికి వంగి చూసి, "ఇంత మంచి పని చేస్తవు, పేరేమో ఆయనకు. నీకు తక్లీఫ్ అనిపియ్యదా?" అంది. ఇంట్లో పనికి పేరేంటి అన్నాను. "అయితే గీ మోటరుల నా దారం గూడ ఉన్నదని ఎవ్వరికీ చెప్పకు" అని నవ్వింది. ఆ నవ్వు నాకు బాగా గుర్తుంది, ముందు పళ్ల మధ్య సందు కనిపించేది.

సెప్టెంబరులో యూనియన్ పటాలాలు వచ్చాయి. కొన్నాళ్లు తుపాకులు వినపడ్డాయి, తర్వాత అంతకంటే భయంగా ఉండే నిశ్శబ్దం. మన క్రైస్తవుల ఇళ్లకు తలుపుల మీద సున్నంతో సిలువలు వేసుకున్నాం, ఏ మూక వచ్చినా వదిలేసి పోతుందని. నాసర్ భాయ్ ఎన్నడూ రజాకార్లలో తిరగలేదు. కాని కలప అడితిలో పనిచేసేవాడు ఒకడు తిరిగాడు, ఆ పేరుతో మనుషులు వచ్చి అడుగుతున్నారు. అక్టోబరులో నాసర్ భాయ్ నిర్ణయించుకున్నాడు, షోలాపూర్ మీదుగా బొంబాయి పోయి అక్కడ కరాచీ ఓడ ఎక్కాలని. రైలంటే భయం. రోడ్డు మీద మూకలు ఆపితే క్రైస్తవుడు నడుపుతున్న బండి అని వదిలేస్తారని రిచర్డ్‌ను బతిమాలుకున్నాడు. మా ఆయన ఒప్పుకున్నాడు. నేను గర్వపడ్డాను, అది కూడా చెప్పాలి. ముందు అద్దానికి మా ఇంట్లో సిలువే నా చేత్తో వేలాడదీశాను. తెల్లవారుజామున షహర్ బానో పెద్ద పొట్టతో వెనక సీట్లో వాలి కూర్చుని, నా చెయ్యి పట్టుకుని, "మా అమ్మను చూస్తుండు ఆపా" అంది.

మా ఆయన ఒక్కడే రైల్లో తిరిగొచ్చాడు. ఓడ ఎక్కించానన్నాడు, బండి నాసర్ భాయ్ అక్కడే అమ్మేశాడన్నాడు. స్నానం చేసి నిద్రపోయాడు. చాలాసేపు నిద్రపోయాడు. మా సిలువ ఏదని అడిగితే, "ఏడనో పడిపోయింది, ఇంకొకటి తెస్త తియ్యి" అన్నాడు.

షహర్ బానో తల్లి రసూల్ బీ బోయిగూడలో ఉంటుంది, బొంతలు కుట్టి బతుకుతుంది. తొలికాన్పు తల్లిగారింట్లో కావాల్సింది, అదీ దక్కలేదని ఆమె బాధ. వారం వారం నడుచుకుంటూ వస్తుంది, కబురేమైనా తెలిసిందా అని. ఆమె వచ్చినప్పుడు మా ఆయన ఇంట్లో ఉంటే ఒకసారి ఓడ పొద్దున పోయిందంటాడు, ఇంకోసారి మాపున పోయిందంటాడు. నేను విన్నాను. వినలేదని చెప్పను. అనుమానం వచ్చినప్పుడల్లా బియ్యంలో రాయిని ఏరినట్టు ఏరి పక్కన పెట్టి, మిగతాది వండేదాన్ని. కరాచీ నుంచి ఉత్తరాలు ఆలస్యంగా వస్తాయట అమ్మా అని నేనే ఆమెకు సర్దిచెప్పి పంపేదాన్ని.

మధ్యాహ్నం ఆయన అన్నానికి వచ్చాడు. చారు అడుగంటిందని సణిగాడు. వడ్డిస్తూ, వీలైనంత మామూలుగా, "ఆ బండి యాడ కొన్నరు?" అన్నాను.

"బెంగుళూరుల అని చెప్పిన గద."

"నీళ్లల పడ్డట్టున్నది."

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. తల ఎత్తలేదు. తర్వాత ముద్ద కలుపుకుని తిన్నాడు, నీళ్లు తాగాడు, చెయ్యి కడిగాడు. తువ్వాలు ఇస్తుంటే నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా కూడా కాదు. "కృపా, నీకు చెప్పింది ఫ్యాను మంచిగ చెయ్యమని. గంతవరకే చూడు. వాగు ఒడ్డున ఆగిపోయినోళ్లు ఆగిపోయిన్రు. నేను ఇంటికి వచ్చిన. గది చాలదా నీకు?" అన్నాడు.

నేను వాగు అనలేదు. నీళ్లు అన్నాను.

ఆయన వెళ్లిపోయాక వంటింటి గోడకు ఆనుకుని కూర్చున్నాను. నాకు భయం వేసింది. ఏం జరిగి ఉంటుంది? మూక ఆపితే వీళ్లను దించి అప్పగించి వచ్చాడా? వాగు దాటుతూ బండి మునిగితే తను ఈది, వాళ్లను వదిలేశాడా? లేకపోతే బండి మీద ముందే కన్నుపడిందా? ఏదైతేనేం, తర్వాత మళ్లీ వెళ్లాడు. వాగు తగ్గాక వెళ్లి బండిని వెతికి లాగించి తెచ్చుకున్నాడు. మనుషులను వెతికానని అనలేదు. ఆ మనిషికి నేను ఇన్నేళ్లు లేసులు కట్టాను, ఆ చేతుల కోసం స్తోత్రం చెబితే ఆమెన్ అన్నాను. ఎన్ని దాచి తెచ్చాడో. రంగు మార్చాడు, నంబరు మార్చాడు, మా సిలువ కూడా తీసేశాడు. నా పనిని దాచాలని మాత్రం ఆయనకు తోచలేదు. ఆ ఫ్యాను చుట్టింది నేనని ఆయనకు గుర్తుంటే కదా తోచడానికి. ఎవరి చేతి పనిని వాళ్లు గుర్తుపడతారని ఇంకెవరి గురించైనా అనుకునేవాడు, నా గురించి తప్ప.

ఇట్లా అనుకుంటూనే మోటారు బాగుచేశాను. ఇది ఇప్పటికీ నాకు విచిత్రంగానే ఉంటుంది, ఏడుస్తూ కూడా నా చేతులు పని మానలేదు. వండ్రంతా దులిపి, తుప్పు గీకి, కొత్త బ్రష్షులు వేసి, బేరింగులో నూనె పోసి, పొయ్యి పక్కన పెట్టి తేమ పోయేదాకా ఆరబెట్టాను. తీగ ఎక్కడా తెగలేదు. నాన్న నేర్పిన పని, నీళ్లలో మునిగినా తట్టుకుంది. విప్పి మళ్లీ చుట్టాల్సిన అవసరం లేదు. పచ్చ ముడిని అట్లాగే ఉంచి, కొత్త వార్నిష్ పూయకుండా మూత బిగించాను. రాలిన మట్టిని కాగితంలోకి ఎత్తుతుంటే వెనక నుంచి అత్తమ్మ గొంతు వినపడింది.

"ఏందే అది?"

"ఫ్యానుల మట్టి అత్తమ్మా."

ఆమె వంగి చిటికెడు తీసి అరచేతిలో రాసి చూసింది. "మన దిక్కు మట్టి గాదు గిది" అంది. గుడికి నడవలేక మోకాళ్లు పట్టుకుంటున్నాయని, చచ్చేలోపు ఒక్కసారైనా మోటారు కారులో గుడికి పోవాలని ఏళ్ల తరబడి పాడిన మనిషి, ఆ నీలం బండి వచ్చినప్పటి నుంచి ఒక్క ఆదివారం కూడా దాన్ని ఎక్కలేదు. ఎందుకత్తమ్మా అంటే రంగు వాసన పడదంది. నేను నమ్మాను. ఇప్పుడు ఆమె తన పాత ముక్కుపొడి డబ్బా ఖాళీ చేసి నా ముందు పెట్టింది. "దీంట్ల పొయ్యి. కాగితమైతె చినుగుతది" అంది. మట్టి పోశాక మూత పెట్టి, డబ్బాను తన రొండిన దోపుకుని, బైబిలు పట్టుకుని వరండాలో మంచం మీద కూర్చుంది.

పొద్దుగూకేముందు రసూల్ బీ వచ్చింది. చిన్న బొంత తెచ్చింది, అరచేయంత గళ్లతో. "ఈ నెలనే గద బిడ్డా, ఈపాటికి పుట్టే ఉంటది. కరాచీ పొయ్యేటోళ్లు ఎవరన్న ఉంటె పంపుదమని కుట్టిన. నీ పెనిమిటిని జెర ఓడ పేరు అడుగు. పేరు చెప్తె కాగితం రాపిస్త" అంది. నేను బొంత తీసుకున్నాను. ఉత్తరాలు ఆలస్యంగా వస్తాయట అమ్మా అనే మాట నా నోటి దాకా వచ్చింది, అలవాటుగా. ఈసారి అనలేకపోయాను. "రేపు అడుగుత" అన్నాను. ఆమె నా తల మీద చెయ్యి పెట్టి దీవించి వెళ్లింది. దేవా, ఆ చెయ్యి బరువు ఇప్పటికీ మోస్తున్నాను.

మాపున ఆయన వచ్చి ఫ్యాను బిగించి తిప్పి చూసుకున్నాడు. "కొత్త తీగ చుట్టినవా?" అన్నాడు. చుట్టాను అన్నాను. పెళ్లయ్యాక ఆయనతో నేను ఆడిన మొదటి అబద్ధం అదేనేమో. ఆయన సంతోషపడి నా వీపు తట్టాడు.

పొద్దున కెప్టెన్ యెషయా వచ్చాడు. డిసెంబరు చలి, ఆయన నోట్లోంచి ఆవిరి వస్తోంది. బండిని వరండా ముందుకు తెచ్చి ఇంజను వేడెక్కేదాకా నడిపి, రిచర్డ్ మీట నొక్కాడు. ఫ్యాను సన్నగా మూలిగి తిరిగింది. కెప్టెన్ తలుపు తీసుకుని లోపలికి చెయ్యి పెట్టి, గోరువెచ్చటి గాలి తగిలి నవ్వాడు. "చప్పుడే లేదు కదయ్యా. మద్రాసులో కూడా ఇంత బాగా చేయరు. ఎవరు చుట్టారు దీన్ని?" అన్నాడు.

"నేనే సార్" అన్నాడు మా ఆయన.

నేను టీ కప్పుల పళ్లెంతో తెర దగ్గర ఉన్నాను. మామూలుగా అయితే అత్తమ్మ వచ్చి పళ్లెం అందుకుని తీసుకుపోయేది. ఆరోజు అత్తమ్మ మంచం మీద నుంచి లేవలేదు. కళ్లు మూసుకుని పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకుంటోంది. తెరను మోచేత్తో పక్కకు నెట్టి, షెడ్డు దాటి నేను బయటికి వచ్చాను. వెలుతురుకు కళ్లు చిట్లించుకోవాల్సి వచ్చింది. మాట్లాడితే ఈ ఇల్లు ఉండదు, ఈ మనిషి ఉండడు, బహుశా నేనూ ఉండను. మాట్లాడకపోతే ఉండేది ఏమిటో కూడా నాకు తెలుసు. ఇంకో మోటారు వస్తుంది, జెర చూడు అంటాడు, చూస్తాను.

"కాదు సార్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఆ ఫ్యాను నేను చుట్టిన. ఎండకాలంల మా గల్లీ నాసర్ భాయ్ బండికి చుట్టిన. దారం తక్కువైతె ఆయన భార్య షహర్ బానో తన దారం ఇచ్చింది, పచ్చది. మూత విప్పి చూడండి, ఇంకా ఉన్నది. వాళ్లను ఈయననే తోలుకపొయ్యి బొంబాయిల ఓడ ఎక్కిచ్చిన అన్నడు, బండి ఆడ్నే అమ్మిన్రు అన్నడు. ఆమె నిండు నెలల మనిషి సార్. ఆ ఫ్యాను ఈ బండిల ఉన్నది, దాంట్ల వాగు మట్టి ఉన్నది. ఆమె యాడున్నదో అడగండి."

రిచర్డ్ నా వైపు చూసిన చూపులో ముందు కోపం లేదు. ఆశ్చర్యం ఉంది. గోడ మాట్లాడితే చూసే చూపు. తర్వాత పెద్దగా నవ్వాడు. "ఏం అనుకోవద్దు సార్, దీనికి పిల్లలు గాలేదని జెర మతి చెడ్డది. ఆడది మోటరు చుట్టుడేంది సార్, యాడనన్న విన్నరా? నమ్మకపోతె మా అమ్మను అడుగున్రి. బైబిలు పట్టుకోని అబద్ధం ఆడదు ఆమె."

కెప్టెన్ చెయ్యి చాపి ఇంజను ఆపాడు. ఫ్యాను కూడా ఆగిపోయింది. ఆయన వరండా వైపు తిరిగి, "ఏమమ్మా, నువ్వు చెప్పు. దీన్ని ఎవరు చుట్టారు?" అన్నాడు.

అత్తమ్మ కళ్లు తెరిచింది. కొడుకు వైపు చూసింది, చాలాసేపు. రొండిన ఉన్న మట్టి డబ్బా తీసి బైబిలు మీద పెట్టింది. "మా ఇంట్ల మోటర్లు చుట్టేది నా కోడలు సార్" అంది. "వానికి ముడి ఏసుడు గూడ రాదు."